ఉన్న మొహం

మనుషుల మొహాలంటే నాకు విసుగు పుట్టి చాలా కాలమైంది. ఫోటోలు తీసి బతికేదాన్ని, ఇలా అనకూడదేమో. కానీ అంటాను. రోజంతా మొహాలే. పాస్‌పోర్టు మొహాలు, పెళ్ళి మొహాలు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే మొహాలు, బడులు తెరిచే నెలలో వరసపెట్టి పిల్లల మొహాలు. అందరిదీ ఒకటే గోల. "కొంచెం తెల్లగా రావాలండీ." "గడ్డం కింద ఈ కండ కనపడకూడదండీ." "నేను బయట ఇంత లావుండనండీ." బయట ఎంత లావుంటావో నేను చూడట్లేదా తల్లీ, ఎదురుగానే నిలబడ్డావు కదా! అయినా నోరెత్తను. "సరేనండీ" అని లోపలికి తిరిగి చెల్లెల్ని కేకేస్తాను.

లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది మా చెల్లెలు. తీయడం నా పని, దిద్దడం దాని పని. మొటిమలు, మచ్చలు, కళ్ళ కింద నలుపు, బట్టతల మీద మెరుపు, అన్నీ దాని చేతి కింద మాయమైపోయేవి. గ్రూపు ఫోటోలో తాతగారు కళ్ళు మూసుకుంటే ఇంకో ఫోటోలోంచి ఆయన తల తెచ్చి ఆయనకే అతికించేది. ఒకసారి ఓ పెద్ద కుటుంబం వచ్చింది. ఎంత సేపు తీసినా ఎవడో ఒకడు ఆవులిస్తాడు, ఎవత్తో ఒకత్తె పక్కకి చూస్తుంది. చివరికి మా చెల్లెలు తయారుచేసిన ఫోటోలో ఏ ఇద్దరి తలలూ ఒకే క్షణంలోవి కావు. వాళ్ళు అది చూసుకుని మురిసిపోయి, ఫ్రేము కట్టించుకుని మరీ వెళ్ళారు. నేను దానికి బ్రష్షమ్మ అని పేరు పెట్టాను. వెటకారానికి పెట్టిన పేరు కాస్తా వాడుకలో పడిపోయి, "బ్రష్షమ్మగారు ఉన్నారా?" అని కస్టమర్లు కూడా అడిగేవారు.

ముందు గది ఫోటోలు తీయడానికి. దాని వెనక కంప్యూటర్ గది. దాని వెనక ఒకప్పటి డార్క్‌రూమ్, ఇప్పుడు ఖాళీ ఆల్బమ్ అట్టలూ విరిగిన లైటు స్టాండ్లూ పడేసుకునే కొట్టు. మేడ మీద చెల్లెలి కాపురం. మరిది బస్సు నడుపుతాడు, మాట తక్కువ మనిషి. "ఈ ఇంట్లో ఉన్న మాటలన్నీ మీ ఇద్దరే ఆడేస్తే నాకేం మిగుల్తాయి వదినా" అంటాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అని అడిగినవాళ్ళకి, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ దగ్గరుండి చూశాను కదా, ఆ ముచ్చట తీరిపోయింది అని చెప్తుంటాను.

ఇలా సాగిపోతుండగా చెల్లెలికి ఎడమ చెవి కింద గడ్డ లేచింది.

మొదట పంటి వాపనుకున్నాం. ఆ తర్వాత తిన్నదేదో పడక వచ్చిందనుకున్నాం. అది పెరుగుతూనే ఉంది. పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి, కాగితం మీద మొహం బొమ్మ గీసి చెప్పింది. గడ్డ మంచిది కాదు, తీసెయ్యాల్సిందే. మొహాన్ని కదిలించే నరం ఆ గడ్డ మధ్యలోంచే పోతోంది, కాబట్టి నరాన్ని కూడా తీసెయ్యాలి. "ఇప్పుడే వచ్చారు కాబట్టి ప్రాణానికి ఫరవాలేదు. కానీ ఎడమవైపు మొహం కదలదమ్మా. కన్ను పూర్తిగా మూతపడదు, మూతి కొంచెం కిందికి జారుతుంది. ముందే చెప్పడం మా ధర్మం."

చెల్లెలు అంతసేపూ ఆ బొమ్మ వంకే చూస్తూ కూర్చుంది. బయటికొచ్చాక, "ఆవిడకి బొమ్మ రాదక్కా, చెవి మరీ కిందికి గీసేసింది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మరిది వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఇంటికొచ్చి ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. చెయ్యక ఏం చేస్తాం? నేను మొహాలు తీస్తూనే ఉన్నాను, అది దిద్దుతూనే ఉంది. ఓ మధ్యాహ్నం కస్టమర్లు లేని వేళ చూసి ముందు గదిలోకి వచ్చింది.

"అక్కా, ఆపరేషన్‌కి ముందు నాకో ఫోటో తియ్యి."

"దానికేం భాగ్యం, రా కూర్చో" అని కెమెరా అందుకున్నాను.

"దాంతో కాదు. రీలు కెమెరాతో."

"నీకేమైనా పిచ్చా? అది మూలపడి ఎన్నేళ్ళయిందో తెలుసా? రీలెక్కడ దొరుకుతుంది, కడగడానికి మందులెక్కడ దొరుకుతాయి? ఉన్న తలనొప్పులు చాలవా నాకు!"

"నీ చేతిలో ఉన్నదాంతో తీస్తే కంప్యూటర్లోకి వస్తుంది. వస్తే నేను ఊరుకోను. చెయ్యి పెడతాను. నా సంగతి నీకు తెలీదా?"

తెలుసు. అది అలవాటుగా తన ఫోటోలు కూడా దిద్దుకునేది. స్టూడియో గోడ మీద మేమిద్దరం నిలబడ్డ ఫోటో ఒకటుంది. అందులో దాని మొహం పాలమీగడలా ఉంటుంది, నా మొహం మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది. "నాది కూడా కాస్త చూడొచ్చు కదే" అంటే, "నీది నా వల్ల కాదు, కంప్యూటర్ ఆగిపోతుంది" అనేది.

"నీ పెళ్ళి ఫోటోలున్నాయిగా, అవి రీలువే" అన్నాను.

"ఆ పిల్ల నేను కాదు. నాకు ఇప్పటి మొహం కావాలి." స్టూలు లాక్కుని కూర్చుంది. గడ్డ మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "చూడక్కా. ఇప్పటివి నావి ఎన్ని ఉన్నా అన్నీ నేను దిద్దినవే. రేపు మూతి వంకరపోయాక ఏం చేస్తాను? అవే తీసి చూసుకుంటాను. అయ్యో, ఇంత అందం పోయిందే అని గుండెలు బాదుకుంటాను. ఆ అందం నాకెప్పుడూ లేదు. పోయిన మొహానికి ఏడవాలి గానీ, లేని మొహానికి ఏడవడమేంటి? ఎంత పోతే అంతకే ఏడుస్తాను. అదెంతో నాకు తెలియాలి, అంతే."

ఏడుపొచ్చేటప్పుడు నాకు ముందు కోపమొస్తుంది. అది నా జబ్బు. "పెద్ద చెప్పొచ్చావులే, లే, లేచి పని చూసుకో" అని కసిరి, కొట్టుగదిలోకి పోయి ఆల్బమ్ అట్టల మధ్య నిలబడి ఏడ్చాను.

మర్నాటి నుంచి ఆ గది సర్దడం మొదలుపెట్టాను. నడుం నొప్పి ఒకపక్క, దుమ్ముకి తుమ్ములు ఒకపక్క. దుప్పటి కింద, రీలు మీది బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ బతికే ఉంది. తలుపు సందుల్లో వెలుతురు రాకుండా నల్లగుడ్డ కొట్టాను. పాత కెమెరాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్తే, ఆయన నా కెమెరాని అటూ ఇటూ తిప్పి, అద్దం తుడిచి, "బాగానే ఉందమ్మా, నీకంటే నయంగా ఉంది" అన్నాడు. రీలు ఆయన దగ్గర ఒక్కటే దొరికింది, నలుపు తెలుపుది. కడిగే మందులు కూడా ఆయనే ఇచ్చాడు. "ఇప్పుడెందుకమ్మా ఈ తిప్పలు?" అన్నాడు. "రాసిపెట్టుంది లెండి" అన్నాను. ఇంకేం చెప్తాను?

ఆసుపత్రిలో చేరే ముందు రోజు మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించేశాను. కిటికీ దగ్గర పాస్‌పోర్టు స్టూలు వేశాను. చెల్లెలు మొహం కడుక్కుని, పౌడరు కూడా రాసుకోకుండా వచ్చింది. కూర్చుంటూనే అలవాటు ప్రకారం కుడి చెంప నా వైపు తిప్పింది. ఆడవాళ్ళందరికీ తమ మంచి చెంప ఏదో తెలుసు కదా.

"ఇటు తిరుగు. ఇప్పటి మొహం కావాలి అన్నావుగా, గడ్డ కూడా కనపడాలి."

"అన్నాన్లే. కూర్చున్నాక భయమేస్తోంది." తిరిగింది.

క్లిక్కుమనిపించాను. వెంటనే కెమెరా వెనక్కి తిప్పి చూశాను. అక్కడ తెర ఎక్కడుంటుంది, నల్ల తోలు! మళ్ళీ తీశాను, మళ్ళీ చూశాను. ప్రతిసారీ అదే. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా?

"ఏం కనిపించిందక్కా?"

"నీ మొహం" అన్నాను.

"బాగుందా?"

"నోర్మూసుకుని కూర్చో."

అది నోరు మూసుకునే రకమైతే ఇంకేం. కాసేపటికి భయం తీరి ఆటలు మొదలుపెట్టింది. మూతి ముడిచింది. రెండు బుగ్గలూ పూరించింది. ఎడమకన్ను కొట్టింది. "ఇవన్నీ పోతాయిగా, తీసుకో తీసుకో" అంటూ నవ్వింది. ఈల కూడా వేసింది. చిన్నప్పుడు ఆ ఈల కోసమే అమ్మ చేతిలో దెబ్బలు తినేది. నేను తీస్తూనే ఉన్నాను. చాలా కాలం తర్వాత నాకు పనిలో హుషారు వచ్చింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ కాసేపు గడ్డా ఆపరేషనూ అన్నీ మర్చిపోయాను.

అప్పుడు అది ఉన్నట్టుండి ఆగిపోయింది. "అక్కా, నాకు నా మూతంటే ఇష్టం" అంది. "ఎవరికీ చెప్పలేదు. పళ్ళు ఎగుడుదిగుడు, పెదవి మందం, అన్నీ తెలుసు. రోజూ ఫోటోల్లో చెరిపేదాన్ని నేనేగా. అయినా ఇష్టం. ఆయన మొట్టమొదట నాతో మాట్లాడింది నేను నవ్వడం చూసే. రేపు నవ్వితే ఆయన భయపడతాడేమో." ఏడ్చింది. మొహం అంతా ముడుచుకుపోయి, ముక్కు కారి, చిన్నపిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. నేను కెమెరా దించలేదు. దించితే నేనూ ఏడుస్తాను, ఇక ఎవరు తీస్తారు? తీస్తూనే ఉన్నాను.

ఇంక రీలు అయిపోయి ఉండాలే అనుకుంటూ, రీలుని ముందుకి జరిపే మీట తిప్పాను. తిరిగింది. పైన అంకె చూశాను. రీలుకి ఉండేవే ముప్పయ్యారు, అది దాటింది. సరేలే, ఒకటో రెండో ఎక్కువ వస్తాయి ఒక్కోసారి. ఇంకోటి తీసి తిప్పాను. తిరిగింది. మళ్ళీ తిరిగింది.

రీలు కెమెరా పట్టినవాళ్ళకి మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుంది. రీలు కొసని లోపలి ఇరుసుకి తగిలించి, మూత వేసి, మీట తిప్పాలి. తిప్పుతున్నప్పుడు ఎడమపక్కన పైనున్న గుండ్రటి బిళ్ళ కూడా తిరుగుతోందో లేదో చూడాలి. తిరిగితే రీలు నడుస్తున్నట్టు. తిరగకపోతే కొస జారిపోయినట్టు. అంకెలు మాత్రం వాటి దారిన అవి పెరిగిపోతూనే ఉంటాయి. ఆ పాఠం నేను ఎంతమందికి చెప్పానో! ఆ రోజు మాత్రం మీట తిప్పిన ప్రతిసారీ నా కళ్ళు కెమెరా వెనకున్న నల్ల తోలు మీదకి పోయాయి గానీ, ఆ బిళ్ళ మీదకి ఒక్కసారీ పోలేదు.

ఆ బిళ్ళని వేలితో తిప్పి చూశాను. బిగువే లేదు.

"అసలు నువ్వు ఒక్కచోట కుదురుగా కూర్చుంటే కదా!" అని అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దాని కుదురుకీ రీలుకీ ఏం సంబంధం? 

"ఏమైంది?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

చెప్పకుండా దాటేద్దామా అనిపించింది. చెప్పేశాను. "రీలు పట్టలేదే. కదలనే లేదు. ఒక్కటి కూడా పడలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"అంటే నేను ఏడ్చింది కూడా దండగేనా?"

కెమెరా వెనక మూత తీశాను. రీలు కొస జారిపోయి, చెక్కుచెదరకుండా డబ్బీ పక్కనే ఉంది. రీలు పాడవలేదు, మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కానీ రీలు మిగిలితే ఎవడిక్కావాలి? ఆ నవ్వు మళ్ళీ వస్తుందా, ఆ ఏడుపు మళ్ళీ వస్తుందా?

చెల్లెలు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. దవడ నొప్పి మొదలైనట్టుంది, పళ్ళు బిగబట్టి మాట్లాడింది. "పోనీలే. ఆ టేబుల్ మీద ఉన్న కెమెరాతోనే ఒకటి తీసి పడెయ్యి. నాకింక కూర్చునే ఓపిక లేదు."

చూడండి, అప్పటిదాకా రీలు వద్దు గీలు వద్దని ఎగిరింది నేను. అది సరేనంది కదా, తీసెయ్యొచ్చు. నా చెయ్యి అటు వెళ్ళింది కూడా. వెళ్ళి ఆగిపోయింది. తీస్తే ఏమవుతుంది? వారం తిరక్కుండా అది కంప్యూటర్ ముందు కూర్చుని గడ్డ చెరిపేస్తుంది. తర్వాత కళ్ళ కింద నలుపు. తర్వాత పెదవి. ఆఖరికి లేని మొహమే మిగుల్తుంది, ఇక జీవితాంతం దానికోసమే ఏడుస్తుంది. అది వద్దనే కదా నన్ను అడిగింది. నన్ను ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

"కుదరదు. దీంతోనే తీస్తాను. కూర్చో" అన్నాను.

"తప్పు నీది, మళ్ళీ కూర్చోవాల్సింది నేనా?"

"అవును, నువ్వే."

"నీ పంతం తగలెయ్య! ఎల్లుండి కోయించుకోబోయే మనిషిని, కాస్తయినా జాలి ఉందా నీకు? నొప్పి పుడుతోందే తల్లీ అంటుంటే!"

"ఇటు తిరిగి తిట్టు."

కొసని ఇరుసుకి తగిలించి, వేలితో నొక్కి పట్టి, మూత వేసి, మీట తిప్పాను. బిళ్ళ తిరిగింది. నా ప్రాణం లేచొచ్చింది. వెలుతురు తగ్గిపోతోంది, చేతులు వణక్కుండా ఊపిరి బిగబట్టి తీశాను. అది తిడుతూనే ఉంది. చిన్నప్పుడు దాని బలపాలు విరగ్గొట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా అన్నీ తీసింది. పెద్దదాన్నని పెత్తనం చేశానంది. దాన్ని ఆ వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కళ్ళు పోగొట్టానంది. "ఒక్కనాడైనా ఎలా ఉన్నావే అని అడిగావా? ఇది దిద్దు, అది దిద్దు అనడమేగా!" అంది. నిజమే. నేను తీస్తూనే ఉన్నాను. మీట బిగిసిపోయి ఇక తిరగనని మొరాయించేదాకా తీశాను. "అయిందా? చల్లబడ్డావా?" అని లేచి మేడెక్కి పోయింది. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఆసుపత్రిలో చేరింది. ఆ పై రోజు పొద్దున్నే లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూశాక బయట బల్ల మీద కూర్చోలేకపోయాను. మరిది నా వంక చూసి, "మీరు ఇంటికెళ్ళి ఏదో ఒక పని చూసుకోండి వదినా, ఇక్కడ నేనున్నాను" అన్నాడు. నాకున్న పని ఒక్కటే.

చీకట్లో రీలుని కడిగే డబ్బాలోని చుట్టకి ఎక్కించేటప్పుడు చేతులు అలవాటు తప్పి రెండుసార్లు జారింది. దేవుడా, ఇది కూడా పాడుచేస్తే నన్ను నేను క్షమించుకోలేను అనుకున్నాను. మందు పోసి, కదుపుతూ, ఎదురుగా గడియారం పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ దాన్ని కోస్తున్నారు, ఇక్కడ నేను డబ్బా ఊపుతున్నాను. కడిగి, తీసి, బల్బుకి ఎదురుగా పట్టుకున్నాను. పడ్డాయి. కొస నుంచి కొస దాకా పడ్డాయి. ప్రతి దాంట్లోనూ నోరు తెరిచే ఉంది. క్లిప్పు పెట్టి తాడుకి వేలాడదీసి, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళేసరికి, "అయిపోయింది, బాగానే ఉందన్నారు" అన్నాడు మరిది. ఆయన చొక్కా జేబులో చెల్లెలి గాజులున్నాయి, మాట్లాడుతున్నంత సేపూ వాటిని తడుముతూనే ఉన్నాడు.

గడ్డ మొత్తం వచ్చేసింది. నరం కూడా పోయింది.

ఇంటికొచ్చాక చూడటానికి వచ్చినవాళ్ళంతా ఒకటే పాట. "ఏమీ తెలియట్లేదమ్మా, అసలు చెప్తే గానీ తెలీదు." "ప్రాణం దక్కింది, అది చాలదూ?" "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది." సర్దుకోదని డాక్టరమ్మ చెప్పింది, అందరికీ తెలుసు. మరిది అయితే, "నాకు నువ్వు ఎప్పట్లానే ఉన్నావు" అని రోజుకోసారి చెప్పేవాడు. పాపం, ఆయనకి వచ్చిన మాట అదొక్కటే. చెల్లెలు అన్నింటికీ తలూపేది. గుక్కెడు టీ తాగితే ఎడమపక్క నుంచి కారేది. రాత్రి కంటికి అట్ట పెట్టి ప్లాస్టర్ వేస్తేగానీ నిద్ర లేదు. ఇంత జరిగినా అది ఏడవలేదు. నాకు అదే భయమేసింది.

కంటి మూలంగా కంప్యూటర్ ముందు కూర్చోవద్దన్నారు. దిద్దేవాళ్ళు లేరు, నాకు ఆ విద్య రాదు, నేర్చుకునే ఓపికా లేదు. పాస్‌పోర్టు ఫోటోలకి ఎలాగూ దిద్దడం అక్కర్లేదు, అవి టేబుల్ మీది కెమెరాతోనే తీసి ఇచ్చేదాన్ని. కెమెరాల ముసలాయన చేత ఇంకొన్ని రీళ్ళు తెప్పించుకుని, మిగతావాళ్ళకి మాత్రం, తీస్తే రీలు మీదే తీస్తాను, ఇష్టమైతే కూర్చోండి, లేకపోతే ఎదురువీధిలో ఇంకో స్టూడియో ఉంది అని చెప్పాను. సగంమంది ఎదురువీధికి పోయారు. మిగిలినవాళ్ళలో ఒకావిడ ఫోటో తీసుకుని దెబ్బలాటకి వచ్చింది.

"ఇదేంటండీ, మచ్చ అలాగే ఉంది?"

"నేను పెట్టలేదమ్మా. మీరు వచ్చేటప్పుడే తెచ్చుకున్నారు."

మేడ మీంచి చెల్లెలి నవ్వు వినిపించింది. నవ్వే, కానీ మునుపటిది కాదు. గాలి ఒకపక్క నుంచి జారిపోయినట్టుంది. నేను ఆవిడకి డబ్బు వెనక్కిచ్చేసి పంపాను.

ఆ సాయంత్రమే కిందికి వచ్చింది. డార్క్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "ఏవీ నావి?" అంది. ప, బ, మ వచ్చే మాటల్ని మెల్లిగా కూడదీసుకుని పలికేది అప్పటికి. "ఎప్పుడిస్తావో చూద్దామని ఊరుకున్నా. నువ్వు ఇచ్చేలా లేవు."

అడిగేదాకా ఇవ్వకూడదని నేనూ ఊరుకున్నాను. ఎప్పుడో కాగితం మీద వేసి పెట్టిన ఫోటోలన్నీ సొరుగులోంచి తీసి ఇచ్చాను. ఒక్కొక్కటే చూసింది.

"ఏడుపు లేదు, నవ్వు లేదు. అన్నింట్లోనూ నిన్ను తిడుతూనే ఉన్నాను."

"మరి, రీలు పట్టింది అప్పుడేగా."

"ఇంత కోపమా నాకు!" ఒకటి తీసి దగ్గరగా పెట్టుకుంది. అందులో కనుబొమలు రెండూ పైకి లేచున్నాయి. నుదురంతా ముడతలు. గడ్డ గుడ్డంత ఉంది. కళ్ళ కింద నలుపు, ఎగుడుదిగుడు పళ్ళు, తెరిచిన నోరు, మెడ మీద ఉబ్బిన నరం. దాని వేలు అలవాటుగా ఆ గడ్డ మీదకి పోయింది, కాగితాన్ని ఒకసారి రుద్దింది, ఆగిపోయింది.

ముందు గదిలో కస్టమర్లు తల దువ్వుకునే అద్దం ముందుకి వెళ్ళింది. ఫోటోని చెంప పక్కన పట్టుకుంది. ఫోటోని చూస్తుంది, అద్దంలోకి చూస్తుంది. కోపం తెచ్చుకుని చూసింది. కుడి కనుబొమ లేచింది. ఎడమది లేవలేదు. నేను వెనకాలే వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. లేచి దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

"ఇంతేనా అక్కా?" అంది అద్దంలోంచి నా వంక చూస్తూ. "పోయింది ఇంతేనా?"

ఇంతేనే, ఏముంది, ఎవరికీ తెలియదు కూడా, అని నోటిదాకా వచ్చింది. అందరూ అన్న మాటే, అనడం ఎంత తేలిక! కానీ నాకు దాని మొహం అది పుట్టిన రోజు నుంచీ తెలుసు. ఆ ఎడమపక్క ఇక ఎప్పటికీ నన్ను తిట్టదు, నన్ను చూసి నవ్వదు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి కోపం రాలేదు.

"కాదే" అన్నాను. "చాలా పోయింది."

అది ఫోటో దించింది.

"హమ్మయ్య" అంది. "నీకైనా కనపడింది."

అప్పుడు ఏడ్చింది.